బీరువాలో చెవి

నాంపల్లి స్టేషన్ వెనక సందులో కొత్తగా కిరాయికి దిగినవాళ్ళు మొదటి నెల సరిగా నిద్రపోరు. బండి వచ్చినా, పోయినా గోడ మీది క్యాలెండరు కదులుతుంది. నవత కూతురు హన్విక మాత్రం పుట్టి ఇంటికొచ్చిన రోజు నుంచీ హాయిగా నిద్రపోయింది. “నా మనుమరాలు బంగారం. రైలు నెత్తి మీదికెళ్ళి పోయినా లెవ్వది” అని అత్త కిష్టవ్వ సందంతా చెప్పుకొని తిరిగింది. నవత కూడా మురిసిపోయింది. చుట్టుపక్కల పసిపిల్లలు హారను మోగినప్పుడల్లా ఉలిక్కిపడి ఏడుస్తుంటే, తన బిడ్డ ఎంత బుద్ధిమంతురాలో అనుకుంది.

ఆ మురిపెం ఏడాదిన్నర నడిచింది. ఒక మధ్యాహ్నం కిష్టవ్వ చేతిలోంచి నిండు బిందె జారి బండల మీద పడింది. గడపలో పడుకున్న కుక్క ఎగిరి బయటికి దూకింది. అటువైపు వీపు పెట్టి కూర్చున్న హన్విక మాత్రం, చేతిలోని గిలక్కాయను అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ అట్లాగే ఉండిపోయింది. నీళ్ళు వచ్చి గౌను తడిపాక గాని తల తిప్పలేదు.

ఆ తర్వాత ఏడాదికి పైగా దవాఖానలే. పరీక్షలు, కాగితాలు, సంతకాలు, ఇంకో పరీక్ష. మూడేళ్ళు నిండటానికి రెండు నెలల ముందు కోఠి వైపున్న చెవి దవాఖానలో, సర్కారు స్కీము కింద, హన్విక కుడిచెవికి ఆపరేషన్ అయింది.

నవతకు కావలసింది ఒక్కటే. సందులో ఏ పిల్లో “అమ్మా” అని పిలిస్తే అక్కడున్న ఆడవాళ్ళందరూ తల తిప్పుతారు. నవత తల కూడా తిరుగుతుంది. తిరిగాక, తనను పిలవలేదని తెలిసి, భుజం మీది కొంగు సర్దుకుంటుంది. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూస్తుంది. ఆ ఒక్క మాట తన బిడ్డ నోట వినాలి. ఆపరేషన్‌కి లోపలికి తీసుకుపోతున్న హన్విక గుండు చేసిన తలను చూసి కూడా ఏడవకుండా నిలబడగలిగింది ఆ ఆశతోనే.

ఆపరేషన్ గాయం మానిన తర్వాత ఒకరోజు మిషన్ మొదలుపెట్టారు. పెట్టింది డోర్కాస్ మేడం. సికింద్రాబాదు మనిషి. చెవిటి పిల్లలకు వినడం, మాట్లాడటం నేర్పడం ఆమె పని. బల్ల మీద రెండు వస్తువులు పెట్టి చూపించింది. ఒకటి చెవి వెనక తగిలించుకునేది, జీడిపిక్కలా వంపు తిరిగి ఉంది. దానికి చిన్న తీగతో కలిపి రూపాయి బిళ్ళంత గుండ్రటి బిళ్ళ.

“ఇది మైకు. చుట్టుపక్కల చప్పుడు పట్టుకుంటది. ఈ బిళ్ళలో అయస్కాంతం ఉంది. తలలోపల, చర్మం కింద ఇంకో అయస్కాంతం పెట్టిన్రు. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటయి” అని డోర్కాస్ బిళ్ళను హన్విక తలకు ఆనించింది. అది టక్కున అతుక్కుంది.

“లోపలిదానికి బ్యాటరీ ఉండదా మేడం?” అని అడిగాడు సురేందర్, నవత భర్త. అబిడ్స్‌లో టీవీలు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాడు. ఏ వస్తువు చూసినా అతనికి మొదట కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్నదే ధ్యాస.

“ఉండదు. బయటి బిళ్ళ నుంచే కరెంటు, మాట రెండూ కలిసి చర్మం దాటి పోతయి. వైర్లెస్ చార్జర్ మీద ఫోన్ పెట్టినట్టు. అందుకే బిళ్ళ ఊడితే లోపలిది ఏం పని చెయ్యదు. అక్కడికి చీకటే.”

“మరి లోపల?”

“చెవి లోపలి భాగం నత్తగుల్లలా చుట్లు తిరిగి ఉంటది. అండ్ల సన్న వెంట్రుకల్లాంటివి ఊగితే నరానికి చప్పుడు తెలుస్తది. మీ పాపకవి పని చేస్తలేవు. అందుకని ఆ గుల్లలోకి ఒక సన్న తీగ పంపిన్రు. దాని మీద ఇరవై రెండు చుక్కలున్నయి. మొదట్లో ఉన్న చుక్కలు గాజుల చప్పుడు, పిట్ట కూత లాంటి సన్న శబ్దాలకు. లోపలికి పోయినకొద్దీ డప్పు, లారీ. ఏ చప్పుడు వస్తే ఆ చుక్క నరానికి చిన్న కరెంటు ఇస్తది.”

సురేందర్‌కు తన దుకాణం గుర్తొచ్చింది. “మా టీవీ పానెల్ కూడా గంతే మేడం. దగ్గరికి పోయి చూస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలే. దూరం జరిగితే మనిషి మొహం. కానీ మా దగ్గర లక్షల చుక్కలుంటయి. ఇరవై రెండు చుక్కల్తోటి బొమ్మ ఎట్ల వస్తది?”

“పెద్దోళ్ళకైతే కష్టమే. పిల్లలకు వస్తది. చిన్న వయసులో మెదడు మిగతాది తనే నింపుకుంటది. ఐదేళ్ళ లోపే నేర్చుకోవాలె, తర్వాత ఆ దారి సన్నబడిపోతది. రోజుకు పది గంటలకు తక్కువ కాకుండ పెట్టున్రి. రాత్రి పడుకునేటప్పుడు తీసి ఈ డబ్బాలో పెట్టాలె, చెమట తడి ఆరుతది.”

డోర్కాస్ కంప్యూటరులో ఏదో నొక్కింది. తెర మీద రంగురంగుల నిలువు పట్టీలు వరసగా లేచాయి. హన్విక కళ్ళు పెద్దవయ్యాయి. నోరు వంకర తిప్పి, గుక్కపట్టి ఏడ్చింది. బిడ్డ ఏడుస్తుంటే నవత మొదటిసారి సంతోషంతో ఏడ్చింది.

ఇంటికి వచ్చాక మాత్రం ఆ సంతోషం మీద భయం వచ్చి కూర్చుంది. మిషన్ పోతే? దవాఖాన వరండాలో ఎవరో అన్న మాట నవత చెవిలో పడి అక్కడే ఉండిపోయింది: “ఒక్కసారే ఇస్తరంట. పోగొట్టుకుంటే గంతే.” సందులో చూస్తే అన్నీ ముప్పులే. నీళ్ళ డ్రమ్ములున్నాయి. పిల్లలు జుట్లు పట్టుకొని గుంజుకుంటారు. పక్కనే మురికి కాలువ. ఎండకు చెమట, వానకు తడి. పైగా కిష్టవ్వ, ఉరిమినప్పుడల్లా “పసిపిల్ల నెత్తి మీద కరెంటేందే, తీసెయ్యే” అంటుంది.

వాళ్ళింట్లో విలువైనదేదైనా పెళ్ళిచీర మడతలోకి పోతుంది. పుస్తెలతాడు కూడా నవత పెళ్ళిళ్ళకే వేసుకుంటుంది, మామూలు రోజుల్లో పసుపుతాడే. అట్లాగే మిషన్ కూడా డబ్బాతో సహా బీరువాలోకి పోయింది. పొద్దున తలుపు గడియ పెట్టి ఒక గంట పెట్టేది. సురేందర్ దుకాణం నుంచి వచ్చే వేళకు మళ్ళీ పెట్టేది. దవాఖానకు పోయే మంగళవారాల్లో కూడా, కొత్త గౌనుతో పాటు. సురేందర్ పొద్దున పోతే దీపాలు పెట్టాక వస్తాడు. బిడ్డ తల మీద బిళ్ళ చూసి, “పెట్టినవా” అనేవాడు. “పెట్టిన” అనేది నవత. అది అబద్ధమని ఆమెకు ఒక్కసారి కూడా అనిపించలేదు. జాగ్రత్త పడుతున్నాననే అనుకుంది.

ఆరు నెలలు గడిచాయి. హన్విక నోట “బా” తప్ప ఇంకో చప్పుడు రాలేదు.

ఆ మంగళవారం డోర్కాస్ మేడం మిషన్‌ను తీగతో కంప్యూటరుకు కలిపింది. ఎప్పటిలా నిలువు పట్టీలు లేచాయి. వాటిని సరిచేసి, ఇంకో పేజీ తెరిచి చూసింది.

“నవతా, రోజూ ఎంతసేపు పెడుతున్నవమ్మా?”

“పొద్దుగాల లేసిన కాడికెళ్ళి పెడుతున్న మేడం.”

డోర్కాస్ తెరను ఆమె వైపు తిప్పింది. కింద తేదీలు, పైన పొట్టి పొట్టి గీతలు. మంగళవారాల నాటి గీతలు మాత్రం కొంచెం పొడుగు. “ఇది రాసుకుంటదమ్మా. తలకు ఎప్పుడు తగిలింది, ఎప్పుడు ఊడింది, అన్నీ రాసుకుంటది. రోజుకు గంటా నలభై నిమిషాలు.”

నాంపల్లి కోర్టు ముందు చెట్ల కింద తల దించుకొని నిలబడే మనుషులను నవత రోజూ చూస్తుంది. తానిప్పుడు అట్లాగే ఉన్నాననిపించింది. చీర మడతలో మెత్తగా పడుకొని ఆ వస్తువు తన లెక్క తాను రాసుకుంటున్నదని ఆమెకేం తెలుసు.

“ఇంకోటి చూడు” అంది డోర్కాస్. గుండ్రటి బొమ్మ ఒకటి తెరిచింది. అందులో ఎక్కువ భాగం బూడిద రంగు. “చుట్టూ మాటలున్నయా, రొద ఉన్నదా, ఏం లేదా అని కూడా చూస్తది. ఇదంతా ఏం లేని టైము. పెట్టిన ఆ కొంచెంసేపట్ల కూడా ఎవరూ మాట్లాడతలేరు.”

ఆ మాట గీతల కంటే లోతుగా దిగింది. నిజమే. బిడ్డకు వినబడదని తెలిసిన రోజు నుంచి నవత మాట్లాడటం మానేసింది. సైగ చేసేది, ఎత్తుకునేది, ముద్దు పెట్టేది. తలుపు గడియ వేసి మిషన్ పెట్టిన ఆ గంట కూడా, బిళ్ళ ఎక్కడ ఊడుతుందోనని దాన్నే చూస్తూ ఊపిరి బిగబట్టి కూర్చునేది.

“పోతే ఎట్లనని భయమా?” అంది డోర్కాస్.

“మళ్ళ ఇయ్యరంట కద మేడం.”

“పోతే దానికేం చెయ్యాలో నేను చూస్త. ఎక్కడెక్కడ దరఖాస్తు పెట్టాలో నాకు తెలుసు. ఆర్నెల్లు పోయినయి, వాటికి ఎక్కడ పెట్టను?” కోపం లేకుండానే అంది. “పాపకు ఐదు నిండేటందుకు ఇంక ఏడాదిన్నర కంటె కొంచెం ఎక్కువ ఉన్నది. ఇప్పటికైనా మించిపోలేదు.”

“నేనేం మాట్లాడాలె మేడం? తొమ్మిదిల బడి బంద్ చేపిచ్చిన్రు నన్ను. తప్పులు నేర్పుతనేమో.”

“పప్పుల ఉప్పేస్తున్నప్పుడు ఉప్పేస్తున్న అని చెప్పు. దాంట్ల తప్పేముంటది?”

దవాఖాన బయట ఆటో మాట్లాడుకుంటూ, నాంపల్లి అనబోయి అబిడ్స్ అంది. సురేందర్‌కు తనే చెప్పాలి. ఇంకెవరి నోటనో వినకూడదు.

దుకాణంలో సురేందర్ పెద్ద టీవీ ఒకటి విప్పి బల్ల మీద వెల్లకిలా పరిచాడు. ముందున్న గాజు తెర తీసి గోడకు ఆనించాడు. పెట్టె అడుగున వరసలు వరసలుగా నీలం లైట్లు వెలుగుతున్నాయి. హన్విక నేరుగా పోయి ఆ వెలుగు ముందు నిలబడింది.

“ఏందీ, ఇటొచ్చిన్రు?” అంటూనే సురేందర్ బిడ్డకు చూపించడం మొదలుపెట్టాడు. బిడ్డకు వినబడుతుందో లేదో చూసుకోకుండా మాట్లాడే మనిషి ఆ ఇంట్లో అతనొక్కడే. “ఇగో హన్నూ, అన్నీ నీలమే. ఇప్పుడు చూడు.” ఒక పలచటి షీటు తెచ్చి లైట్ల మీద కప్పాడు. నీలం కాస్తా తెల్లగా మారిపోయింది. హన్విక షీటు ఎత్తింది, నీలం. కప్పింది, తెలుపు. “దీంట్ల కంటికి కనపడనంత సన్న రవ్వలుంటయి బిడ్డా. నీలం వెలుగు మింగి కొన్ని ఎర్రగ, కొన్ని పచ్చగ కక్కుతయి. రవ్వ సైజును బట్టి రంగు. మూడూ కలిస్తే తెలుపు.”

“ఇగో, నీతోటి ఒకటి చెప్పాలె” అంది నవత.

చెప్పింది. బీరువా, చీర మడత, గంటా నలభై నిమిషాలు, అన్నీ. చెబుతున్నంతసేపూ అతను స్క్రూడ్రైవరు కిందపెట్టలేదు. అయిపోయాక కూడా ఒక మర బిగించి, మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించాడు.

“అడిగినప్పుడల్ల పెట్టిన అన్నవ్.”

“పెట్టిన. నువ్వొచ్చే టైముకు.”

“నేనేమన్న తనిఖీకి వస్తున్ననా నవతా?”

వెనక బల్ల దగ్గర కూర్చున్న దుకాణం యజమాని తాతారావు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. ఏలూరు నుంచి ముప్పై ఏళ్ళ కిందట వచ్చినా ఆయన యాస అక్కడిదే.

“అమ్మాయ్, మొన్న ఒకాయన టీవీ పట్టుకొచ్చాడు. కొని ఆరేళ్ళట. గీత పడుతుందని ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. లోపల వేడికి లైట్లన్నీ పోయినాయి. పైన చూస్తే షోరూములో ఉన్నట్టే ఉంది, బొమ్మ మాత్రం రాదు. వస్తువు అరిగితే నేను చూసుకుంటానండీ అంటే వినరే.” ఆపైన సురేందర్ వైపు తిరిగాడు. “నువ్వేంట్రా అట్టా మొహం పెట్టావు? మీ ఇంట్లో రిమోటు కవరు తీశావా?”

సురేందర్‌కు నవ్వు వచ్చింది గాని, నవ్వలేదు. సొరుగు వెతికి, టెస్టరుకు కట్టుకునే సన్నటి తాడు, మొసలి నోరు లాంటి చిన్న క్లిప్పు తీశాడు. క్లిప్పు పళ్ళు గుచ్చుకోకుండా వాటికి రబ్బరు తొడిగాడు. తాడు ఒక కొస మిషన్‌కు కట్టి, ఇంకో కొసను హన్విక గౌను మెడకు తగిలించాడు. బిళ్ళను ఊడగొట్టి చూశాడు. మిషన్ కిందపడకుండా గౌనుకు వేలాడింది.

“ఇంక ఎటు పోతది?” అన్నాడు. మాట ఇంకా గరుకుగానే ఉంది. “పో, ఇంటికి పో. చీకటి పడేదాక తియ్యకు.”

మర్నాటి నుంచి నవత మాట్లాడింది. మొదట్లో గొంతు తనది కానట్టుండేది. “ఉల్లిగడ్డ కోస్తున్న హన్నూ. కండ్లు మండుతున్నయి. ఇగో, పోపు. చుర్రుమన్నది విన్నవా?” బయట నుంచి నీళ్ళకు పోయే ఆడవాళ్ళు ఆగి నవ్వుకునేవారు. “నవతకేమైందే, పప్పుతోటి ముచ్చట పెడుతున్నది” అన్నారు. కిష్టవ్వ రెండు రోజులు గొణిగింది. మూడోరోజు తనే పిల్లను ముందేసుకొని, ఎప్పుడో చచ్చిపోయిన తన బర్రె సంగతి మొదలుపెట్టింది, దాని కొమ్ముల దగ్గర నుంచీ.

అన్నీ సుఖంగా జరగలేదు. కుక్కర్ కూతకు హన్విక బిళ్ళ పీకేసి మూలకు పోయి కూర్చునేది. బ్యాటరీ అయిపోయిన సంగతి తెలియక నవత పొద్దంతా ఉత్తగా మాట్లాడిన రోజు ఒకటి ఉంది. ఇంకోరోజు బిళ్ళ కనబడక ఇల్లంతా వెతికింది. చూస్తే హన్వికే దాన్ని బీరువా తలుపుకు అతికించి, ఇనుము పట్టుకుంటుందో లేదో పరీక్ష చేస్తున్నది. అచ్చం తండ్రే.

నెల రోజులు పోయాయి. తెర మీద గీతలు ఎదిగాయి, బూడిద రంగు తగ్గింది. డోర్కాస్ మేడం “శభాష్” అంది. హన్విక కొంగు గుంజుతుంది, వేలు చూపిస్తుంది, “బా” అంటుంది. “అమ్మ” అనలేదు. సందులో ఎవరో పిలిస్తే నవత తల ఇప్పటికీ తిరుగుతుంది.

బొమ్మల పుస్తకాలు కొనమని మేడం చెప్పింది. ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. ముగ్గురూ పోయారు. సురేందర్ చాయ్ తెస్తానని రోడ్డు దాటాడు. నవత ఒక కుప్ప ముందు కూర్చొని ఏరుతున్నది. ఆవు బొమ్మలు, బండ్ల బొమ్మలు. మధ్యలో పదో తరగతి సైన్సు పుస్తకం ఒకటి చేతికి తగిలింది. తాను పోకుండా ఆగిపోయిన తరగతి. తెరిస్తే చెవి బొమ్మే ఉంది, నత్తగుల్ల కూడా. ఎవరో పిల్ల పెన్సిలుతో పేర్లు రాసుకుంది. నవత కూడబలుక్కుంటూ చదివింది. ఇప్పుడు అన్నీ అర్థమవుతున్నాయి.

తల ఎత్తితే పక్కన హన్విక లేదు.

మూడు కుప్పల అవతల, అటు తిరిగి, ఏదో పుస్తకం ముందు కూర్చొని ఉంది. రోడ్డు వైపు కాదు, ప్రమాదం లేదు. నవత లేవబోయింది. రెండేళ్ళుగా ఆమెకు తెలిసింది అదొక్కటే, లేచి పరుగెత్తి రెక్క పట్టుకోవడం. సగం లేచి, మళ్ళీ కూర్చుంది.

“హన్నూ” అంది. గట్టిగా కూడా కాదు.

పేజీ తిప్పుతున్న చిన్న చెయ్యి ఆగింది. తల లేచింది. తిరిగింది, కానీ అటు వైపు, కుడికి. నవత ఉన్నది ఎడమకు. అక్కడ గొడుగు కింద కూర్చున్న పుస్తకాలమ్మే మనిషి మొహంలోకి హన్విక చూసింది. కాదనుకుంది. ఎర్రచీర కట్టుకున్న ఎవరో ఆడమనిషిని చూసింది. కాదు.

రెండు చెవులుంటేనే చప్పుడు ఎటు నుంచి వచ్చిందో తెలుస్తుందనీ, ఒక చెవికే మిషన్ ఉన్న పిల్లలకు అన్ని పిలుపులూ ఆ చెవి వైపు నుంచే వచ్చినట్టుంటాయనీ డోర్కాస్ మేడం తర్వాతి మంగళవారం చెప్పింది. అప్పుడు నవతకు అదేమీ తెలియదు. ఆమెకు కనబడింది ఒక్కటే. తన బిడ్డ లేచి నిలబడి, మెడకు వేలాడే తాడును ఒక చేత్తో పట్టుకొని, వచ్చేపోయే వాళ్ళ మొహాల్లో తన కోసం వెతుకుతున్నది. ఇన్నేళ్ళూ వెతికింది తానే. తన కోసం వెతికే కళ్ళు ఎట్లా ఉంటాయో ఆమె ఇంతవరకు చూడలేదు.

చెయ్యి ఊపితే ఇట్టే చూసేది. నవత ఊపలేదు. చేతులు రెండూ ఒళ్ళో బిగించి పట్టుకుంది.

“ఇక్కడున్న బిడ్డా. ఇటు. అమ్మ ఇక్కడున్నది” అంటూనే ఉంది. “పుస్తకం చూస్తున్న హన్నూ. దాంట్ల నీ చెవి బొమ్మ ఉన్నది.”

హన్విక ఒక చుట్టు మొత్తం తిరిగింది. కళ్ళు కుప్పల మీది నుంచి, సైకిళ్ళ మీది నుంచి మెల్లగా వచ్చి నవత పెదవుల మీద ఆగాయి. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు వినబడుతున్నది. రెండూ ఒకటేనని పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. పోల్చుకుంది. కనుబొమలు విచ్చుకున్నాయి.

పరుగెత్తుకొని రాలేదు. ఏ మాటా అనలేదు. అమ్మ ఎక్కడుందో తెలిసింది కదా, ఇంకేం కావాలన్నట్టు, మళ్ళీ అటు తిరిగి పుస్తకం ముందు కూర్చుంది.

నవత ఆ చిన్న వీపు వైపు చూస్తూ ఉంది. మళ్ళీ పిలవాలనిపించింది. పిలిచింది.